సికిల్ గది కంప్యూటర్

మా పై ఆఫీసు వాళ్ళకు మా ఊరు భోపాల్‌పట్నం ఎటువైపు ఉందో తెలియదు గానీ, మా ఆసుపత్రి సికిల్ గదిలో ఉన్న కంప్యూటర్ వయసు మాత్రం కంఠతా వచ్చు. పదమూడేళ్ళు. అందులో ఉన్నది విండోస్ సెవెన్. తయారుచేసినవాళ్ళే దాని మంచిచెడ్డలు చూడటం మానేసి అయిదేళ్ళు దాటింది. అందుకని ఉత్తరం వచ్చింది. సెక్యూరిటీ అప్‌డేట్లు పూర్తిగా ఎక్కని కంప్యూటర్లన్నీ వెనక్కి తీసుకుంటారట. వచ్చే సంత రోజున జగదల్‌పూర్ నుంచి ఇంజినీరు వస్తాడట. దానికి తగిలించి ఉన్న యంత్రాన్ని కూడా అప్పగించాలట.

నేను ఇక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌ని. పార్వతికి కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటూ ఉంటుంది. ఆ ఉత్తరం రెండోసారి చదివేసరికి అది నెత్తికెక్కింది.

ఆ యంత్రం నెత్తురు చుక్క చూసి, రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ జబ్బు ఉందో లేదో చెబుతుంది. అది ఈ పాత కంప్యూటర్ మాట తప్ప ఇంకో కంప్యూటర్ మాట వినదు. చేసిన కంపెనీ మూతపడింది కాబట్టి నేర్పేవాళ్ళు కూడా లేరు. ఇది పోతే పరీక్షకు జగదల్‌పూరే దిక్కు. అడవి లోపలి ఊళ్ళవాళ్ళకు బస్సు దాకా నడకే ఒక పూట, ఆపైన బస్సులో ఒక పగలంతా. వెళ్ళరు. వెళ్ళలేరు.

క్రితం సంతకు బుధ్రి అనే ఆమె పది నెలల బాబును ఎత్తుకొని వచ్చింది. వాడి వేళ్ళు ఉబ్బి ఉన్నాయి, ముట్టుకుంటే ఏడుస్తున్నాడు. మొదటి పిల్లాడు రెండేళ్ళకే పోయాడట, ఏం జబ్బో ఎవరూ చెప్పలేదట. ఆ రోజు కరెంటు లేదు, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. వచ్చే సంతకు తప్పకుండా చేస్తానని మాటిచ్చి పంపాను.

అందుకని ఆ అప్‌డేట్లేవో ఎక్కించి చూపిస్తానని పంతం పట్టాను. ఎక్కించడం మొదలుపెడితే సగం దాకా వచ్చి ఎర్రగుర్తు వేసి, ఏదో నంబరు చూపించి ఆగిపోయేది. ఆపి మళ్ళీ పెట్టాను. పాత అప్‌డేట్ల ఫోల్డర్ తీసేశాను. యాంటీవైరస్ ఆపి చూశాను. మూడు రోజులు అదే ఎర్రగుర్తు. కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో కంప్యూటర్లు చూసే మా ఉమామహేష్ బావకు ఫోన్ చేస్తే, ఆ డబ్బాకు దండ వేసి దండం పెట్టేయమన్నాడు. నేను తిట్టాక దారికొచ్చి, కంప్యూటర్ టైము తప్పుగా ఉంటే ఆ నంబరు వస్తుందన్నాడు. స్క్రీన్ మీద పదీ ఇరవై. నా చేతి గడియారంలోనూ పదీ ఇరవై. మళ్ళీ తిట్టాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి హుంగా కాకా కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. వార్డు పనులు చూసే పెద్దాయన, రిటైరవడానికి ఏడాది ఉంది. ఆస్పత్రి తలుపులు తెరిచేదీ, మెషీన్లు ఆన్ చేసేదీ ఆయనే.

"ఏంది కాకా చేస్తున్నవ్?"

"రోజూ చేసేదే బిడ్డా. పొద్దుగాల దీనికి మతి ఉండదు. టైము పెడ్త. సంతకు ఎన్ని దినాలున్నయో లెక్కజూసి, ఆ గడి మీద ఒత్తుత."

చూద్దును కదా, 2010 జనవరి. లోపల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. రోజూ అది 2010 జనవరి ఒకటిన నిద్రలేస్తుంది. కాకా గడియారం చూసి టైము సరిచేస్తాడు, స్క్రీన్ మీది క్యాలెండరులో ఏడు నిలువు వరుసల్లో సంత వరుస గుర్తుపట్టి వారం సరిచేస్తాడు. నెల, సంవత్సరం ఆయనకు అనవసరం. ఇక్కడ ఎవరినైనా ఎప్పుడని అడిగితే పోయిన సంతకనో, వచ్చే సంతకనో చెబుతారు, తేదీ చెప్పరు. ఇన్నేళ్ళుగా మా కంప్యూటర్ జనవరి దాటలేదు. పదేళ్ళ తర్వాతి అప్‌డేట్‌ను పట్టుకెళ్ళి ఇస్తే అది దొంగ సరుకని తిప్పికొట్టక ఏం చేస్తుంది? స్క్రీన్ మూల టైము మాత్రమే కనబడుతుంది, రిపోర్టులు నేను చేత్తోనే రాస్తాను. నేనూ ఏనాడూ చూడలేదు. ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది.

అది తప్పా అని కాకా చిన్నబుచ్చుకుని అడిగాడు. సంత మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదన్నాడు. అదీ నిజమే.

బస్టాండ్ దగ్గర గడియారాల కొట్లో బిళ్ళ బ్యాటరీ కొని మార్చాను. తేదీ సరిచేశాను. కొత్త అప్‌డేట్ల మీది ముద్రను గుర్తుపట్టడం నేర్పే అప్‌డేట్ ఒకటి ఉంటుంది, దాన్ని ముందుగా చేత్తో ఎక్కించాలి. అది ఎక్కాక మిగతావి ఒకదాని వెనక ఒకటి కదిలాయి. నూట ముప్పై పైచిలుకు. ఒకరోజంతా కరెంటు పోకూడదని కాకా, నేను మబ్బుల్ని చూస్తూ కూర్చున్నాం.

సంత రోజు కమలేష్ అనే ఇంజినీరు అట్టపెట్టెలతో దిగాడు. చెడ్డవాడు కాదు. ఎక్కిన అప్‌డేట్ల జాబితా చూసి ఆశ్చర్యపోయాడు, బాగా చేశారన్నాడు. ఆ తర్వాత హిందీలో నెమ్మదిగా చెప్పాడు. ఇవన్నీ ఎక్కినా ఇవి ఎప్పుడో ఆగిపోయిన అప్‌డేట్లు, కొత్త దొంగలకు ఇవి అడ్డం కావు. నెట్‌లో ఈ కంప్యూటర్ ఉన్నంతకాలం ఆఫీసు మొత్తానికి ఇది గోడకు కన్నం లాంటిది. తీసుకెళ్ళక తప్పదు.

అతను అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. కానీ నెత్తురు చుక్కకు నెట్‌తో పనేమిటి? వంగి, వెనకనున్న నీలం వైరు పీకి, చుట్ట చుట్టి అతని చేతిలో పెట్టాను.

"దొంగలొచ్చే తొవ్వ ఇదే గద, తీస్కపో భయ్యా. రిపోర్టులు కాయితం మీద రాసి బస్సుల పంపుత. కంప్యూటర్ మాత్రం ఈడ్నే ఉంటది."

ఆర్డరులో అలా లేదన్నాడు. ఆర్డరు రాసినాయన బయట బెంచీ మీద ఎవరున్నారో చూసి రాయలేదన్నాను. బుధ్రిని లోపలికి పిలిచాను. బాబు కాలి వేలికి సూది గుచ్చి, చుక్క తీసి యంత్రంలో పెట్టాను. ఆ పదిహేను నిమిషాలూ కమలేష్ ఖాళీ పెట్టె పట్టుకుని గోడకు ఆనుకొని నిలబడ్డాడు. స్క్రీన్ మీద గీత లేచింది. జబ్బు ఉంది.

బుధ్రికి చెప్పాను. ముందే దొరికింది, మందు ఇవాళే మొదలుపెడతామన్నాను. ఆమె ఏడవలేదు. బాబు పాదాన్ని అరచేతిలో దాచుకుని, స్క్రీన్ వైపే చూస్తూ అడిగింది.

"పెద్దోడు పోయింది గూడ దీంతోనేనా, దీదీ?"

"అదే అయ్యుంటది అక్కా. అప్పుడెవ్వరు చూడలే."

నాకు ఏడుపొచ్చింది. తల తిప్పుకుంటే కమలేష్ కనిపించాడు, అతనూ స్క్రీన్ వైపే చూస్తున్నాడు. కాసేపటికి సంచిలోంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టాడు. తను ఉత్త చేతులతో వెళ్తే పైవాళ్ళు అడుగుతారట, అప్పగించకపోవడానికి కారణం రాసివ్వమన్నాడు.

కారణం అన్నచోట బుధ్రి కొడుకు పేరు రాశాను. 'దేవా, పది నెలలు.' కింద సంతకం పెట్టి, తర్వాతివాళ్ళను లోపలికి రమ్మన్నాను.