నత్తగుల్ల

చనిపోయి మూడు నెలలైన మనిషి ఫోను ఉదయం తొమ్మిదీ పదికి ఆసుపత్రి నెట్‌వర్క్‌లోకి వచ్చి కూర్చుంది.

అది పట్టుకున్న వైఫై పేరు ‘నత్తగుల్ల’. టెక్నీషియన్ స్క్రీన్ మీద ఆ పేరు మళ్ళీ చదివింది. చనిపోయిన ఆ సహోద్యోగి రోజూ ఆలస్యంగా వచ్చేవాడని అందరూ నత్త అనేవారు. పరీక్షలకు వాడే తన సొంత రౌటర్‌కి అతనే సరదాగా ఆ పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు దాన్నెవరో దొంగచాటుగా ఎక్కడో తగిలించారు. దానిలోంచే ఎవడో బయటివాడు దూరి, ఐసీయూలో మందు ఎక్కించే పంపులను కెలుకుతున్నాడు.

“అరగంట చూస్తా. ఆ తర్వాత పంపులన్నీ ఆపించేస్తా,” అంది హెడ్ నర్సు ఫోన్లో. “పద్నాలుగు మంచాలు తల్లీ! నలుగురు నర్సు పిల్లలతో చేత్తో ఎంతమందికని ఎక్కించను?”

టెక్నీషియన్ టాబ్లెట్ పట్టుకుని రౌటర్ కోసం పరుగెత్తింది. ఐసీయూ దగ్గర ‘నత్తగుల్ల’ సిగ్నల్ ఒక్క గీత. ఎక్స్‌రే గది దగ్గర అదీ లేదు.

“ఏంటమ్మా, దెయ్యం పట్టినట్టు తిరుగుతున్నావ్?” ఎక్స్‌రే ఆయన నవ్వాడు.

“దాన్నే వెతుకుతున్నా బాబాయ్.”

వెనక్కి తిరిగింది. మెట్ల దగ్గర రెండు గీతలు. తమ ఆఫీసు గుమ్మంలో నాలుగు. నత్త ఖాళీ కుర్చీ పక్కన నిండుగా. బల్ల వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది రౌటర్. వైరు పీకేసింది. పంపులకు గండం తప్పింది.

కానీ పరాయి రౌటర్ తగిలిస్తే మోగాల్సిన అలారం ఎందుకు మోగలేదు? అనుమతి జాబితా తెరిచింది. నత్త రౌటర్ ఇంకా అందులోనే ఉంది. ఆ జాబితా దిద్దే అధికారం తమ పై అధికారి ఒక్కరికే ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“అన్నయ్యా... మీరా?”

“నేనే చెల్లెమ్మా. ఫోను నత్త వాళ్ళావిడ ఇచ్చింది. లాక్ ఎవరికీ తెలీదు, కొత్త వైఫైకి కలపలేను. ఈ రౌటర్ తప్ప దానికి ఇంకోటి తెలీదు. పదకొండేళ్ళు, స్క్రీన్ మీద వాడి ఫోను కనబడగానే రెండు టీలు కలిపేవాణ్ణి. వాడొచ్చాడని స్క్రీన్ చెబుతుంటే, ఆ కుర్చీ వంక చూడకుండా పనిచేసుకోగలిగాను. అందుకే రోజూ వాడొచ్చే టైముకి తగిలించా. జాబితాలోంచీ తీసెయ్యలేదు. ఎవడైనా దూరతాడని నాకు తెలీదనుకోకు, నీకు నేర్పిందే నేను. తెలిసే పెట్టాను.”