చీపురు మాట

వెనక వరస నుంచి ఊడ్చుకుంటూ పదకొండో వరసకు చేరిన ఆ పొట్టి మనిషి మా అత్తయ్య. ఈ భూమ్మీద అందరికంటే ఎక్కువ సినిమాలు చూసిన మనిషి ఆవిడే. లెక్క కూడా నా దగ్గరుంది: ఇరవై ఆరేళ్ళు, రోజుకు మూడు ఆటలు, సెలవుల్లేవు. ఏ సినిమా గురించి అడిగినా ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఇంతవరకూ ఆవిడ మాట తప్పు పోలేదు.

ఇందులో ఆఖరి వాక్యం నిజం. అందరికంటే ఎక్కువ సినిమాలు చూసిందన్నది పచ్చి అబద్ధం. ఇరవై ఆరేళ్ళలో అత్తయ్య ఒక్క సినిమా కూడా చూడలేదు.

ఆట నడుస్తున్నంతసేపూ ఆవిడకు హాలు బయటే పని. మరుగుదొడ్లు కడగాలి, మెట్లు తుడవాలి, క్యాంటీన్ ముందు ఒలికిన టీ మీద ఎవరూ జారిపడకముందే గుడ్డ వెయ్యాలి. తలుపు సందులోంచి మాటలు మాత్రం వినిపిస్తాయి. అందుకని పాటలన్నీ నోటికొచ్చు. ఏ ఫైటింగులో ఎన్ని దెబ్బలు పడతాయో వచ్చు. హీరోల గొంతులు ఇట్టే పట్టేస్తుంది గానీ మొహాలు తెలియవు. పోస్టరు ముందు నిలబెట్టి చూపిస్తే విలన్ దగ్గరే ఆగిపోతుంది. "బుద్ధిమంతుడిలా ఉన్నాడు, చూడు" అంటుంది.

ఆవిడ చూసేది ఆట అయిపోయాక సీట్ల కింద మిగిలినదాన్ని.

మా హాల్లో పద్దెనిమిది వరసలు, నాలుగొందల పన్నెండు సీట్లు. అత్తయ్య తలకు గుడ్డ బిగించి, రెండు చీపుళ్ళతో లోపలికి వస్తుంది. మెత్తదానితో పొడి చెత్త, గట్టిదానితో నేలకు అంటుకున్నవి. ఆవిడ చీపురెత్తితే దుమ్ము తనంతట తానే లేచి వరసలో నిలబడుతుంది. నడుము వంచితే కింద మొదటి వరస అయ్యేదాకా ఎత్తదు. కానీ కళ్ళు మాత్రం ప్రతి సీటు దగ్గరా ఆగుతాయి. టికెట్ ముక్కల్ని చిన్న చిన్న ఉండలు చేసి పారేశారా, కథ కదలలేదు. పాప్‌కార్న్ ఒక్కసారిగా వరసంతా ఎగిరిపడిందా, ఎవరో దడుచుకున్నారు. చిప్స్ పొట్లాం అడుగున కారప్పొడి కూడా మిగల్చకుండా నాకేశారా, పాపం వాళ్ళకు చూడ్డానికి ఏమీ లేదు.

పోయిన నెల వచ్చిన దయ్యం సినిమా గురించి ఆవిడ అభిప్రాయం: "ఒకడే భయపడ్డాడు. మిగతావాళ్ళు వాణ్ణి చూసి నవ్వుకున్నారు." దాని తర్వాత వచ్చిన పెద్ద హీరో సినిమా గురించి: "ఆరో వరసలో ఎవరో కూర్చుని గోళ్ళు కత్తిరించుకున్నారు. పదివేళ్ళవీ. కాళ్ళవి కూడా మొదలెట్టారు, ఈలోగా సినిమా అయిపోయినట్టుంది." ఆ సినిమా నాలుగో రోజుకు వెళ్ళిపోయింది.

శుక్రవారం కొత్త సినిమా పడుతుంది. ఉదయం ఆట ఊడ్చేశాక అత్తయ్య నేరుగా మేనేజరుగారి గదికి వెళ్ళి ఒక్క మాట చెబుతుంది. దాన్నిబట్టే ఆయన ఆ సినిమాను రెండో వారం ఉంచాలో, వదులుకోవాలో తేల్చుకుంటారు. ఆయన తండ్రి హయాం నుంచీ ఇదే పద్ధతి. అందరూ దాన్ని చీపురు మాట అంటారు. దారిలో మందుల షాపతను, టీ కొట్టతను, బస్సు డ్రైవరు కూడా అదే అడుగుతారు.

మామయ్య ఈ హాల్లోనే గేటు దగ్గర టికెట్లు చింపేవాడట. ఆయన పోయాక ఆవిడకు చీపురిచ్చారు. అప్పటికి మా ఆయనకు ఎనిమిదేళ్ళు. బాల్కనీ మెట్లమీద కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నాడు, ఇంటర్వెల్‌లో అన్నం తిన్నాడు. ఇప్పటికీ ఎక్కడ బెల్లు మోగినా ఆయనకు ఆకలేస్తుంది. నేను కోడలిగా వచ్చిన రెండేళ్ళకు టికెట్ కౌంటర్లో కుర్చీ ఖాళీ అయితే అత్తయ్యే నన్ను తెచ్చి కూర్చోబెట్టింది.

ఈ శుక్రవారం ఆవిడకు ఆఖరి రోజు, అదీ మధ్యాహ్నం ఆట దాకానే. మోకాళ్ళు ఇక వంగనంటున్నాయి. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఈ మోకాలు ఎవరిదమ్మా?" అన్నాడు, వేరే ఎవరిదో తెచ్చినట్టు. మోకాలికి తొడుక్కోమని ఒక పట్టీ ఇచ్చాడు. మర్నాటి నుంచి కొత్త మనిషి వస్తుంది.

పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆవిడ ఒక మాట అంది. "ఈ ఒక్క సినిమా కూడా సరిగ్గా చెప్పేస్తే చాలే. మాట పోకుండా బయటపడతాను."

"పోతే ఏమవుతుంది అత్తయ్యా? హాలు కూలిపోతుందా?"

"హాలుకేమవుతుంది. నాకున్నది అదొక్కటే కదా."

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో అప్పుడు నాకే సరిగ్గా తెలియదు. తర్వాత తెలిసింది.

నాకొక అలవాటుంది, అందర్నీ ఆటపట్టించడం. సినిమా వేసే ఆపరేటరు చెప్పుల్లో కుడిదాన్ని దాచి, దాని చోట ఇంకో ఎడమది పెట్టి, రెండూ ఎడమకాలివే ఉండేలా చేశాను. మేనేజరుగారి ఫ్యాను నిమిషానికి రెండుసార్లు తిరుగుతుంది, మూడోసారి ఆయనే లేచి చేత్తో తొయ్యాలి. దాని స్విచ్చి మీద 'నెమ్మదిగా నొక్కండి, పడుకుంది' అని కాగితం అంటించాను. అందరూ నా చేతిలో పడ్డారు, అత్తయ్య తప్ప. పంచదార డబ్బాలో ఉప్పు పోసిన రోజు ఆవిడ రెండు చెంచాలు నా టీ కప్పులోనే కలిపి ఇచ్చింది. నేను తాగాను కూడా. ఒప్పుకోవడం కంటే తాగడమే తేలికనిపించింది.

ఈ రోజు పోతే ఆవిణ్ణి పట్టే అవకాశం మళ్ళీ రాదు.

వచ్చిన సినిమా ఒక తండ్రీ కూతుళ్ళది. రెండున్నర గంటలు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, మాట్లాడుకోరు. ఎందుకో చివర్లో తెలుస్తుందట. ఉదయం ఆటకు ముప్పై ఒక్క టికెట్లు తెగాయి. ఆపరేటరు కిందికి దిగుతూ, "మధ్యలో కునుకు తీశాను. లేచి చూస్తే అదే వంటగది. మళ్ళీ పడుకున్నాను. లేచేసరికి అదే వంటగది, గిన్నెలు మాత్రం కడిగారు" అన్నాడు. క్యాంటీన్ అతను, "ఇంటర్వెల్ బాగుంది" అన్నాడు.

జనం వెళ్ళిపోయారు. అత్తయ్య బకెట్ తేవడానికి వెనక్కి వెళ్ళింది. నాకు దొరికింది రెండు నిమిషాలు. క్యాంటీన్ నుంచి తెచ్చిన కాగితపు రుమాళ్ళను నలిపి, ఉండలు చుట్టి, ఆరు వరసల్లో విసిరేసి, తలుపు వెనక్కి వచ్చి నిలబడ్డాను. ఊరు ఊరంతా వచ్చి గుక్కపట్టి ఏడ్చి వెళ్ళినట్టు తయారైంది హాలు.

ఆవిడ వచ్చింది. మొదటి ఉండ దగ్గర ఆగింది. ఎత్తి చూసింది, సంచిలో వేసింది. రెండోది, మూడోది. తల ఊపింది. నేను నోట్లో చున్నీ కుక్కుకున్నాను. కిందికి, ఐదో వరస దాకా వచ్చాక గోడ పక్క సీటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ మోకాళ్ళతో అలా కూర్చోవడం డాక్టరు చూస్తే ఆయనకే నొప్పి పుట్టేది. చాలాసేపు లేవలేదు. లేచాక గట్టి చీపురు తీసింది. పడిపోయింది నా చేతిలో, అనుకున్నాను.

మేనేజరుగారి గదిలోకి నేను కూడా ఏదో లెక్క చూపించే వంకతో దూరాను.

"చెప్పమ్మా" అన్నారాయన. "ఆఖరి మాట."

అత్తయ్య తల గుడ్డ విప్పి చేతిలో పట్టుకుంది. "ఏడుపొచ్చింది సార్ దీనికి. ఉంచండి."

"నిజంగానా? ముప్పై ఒక్కమందే కదమ్మా."

"ఉంచండి సార్."

ఆయన ఇంకో మాట అడగలేదు. అప్పటికప్పుడే ఫోను తీసి, వచ్చే శుక్రవారం మా హాల్లో పడాల్సిన సినిమా, ఆ కార్లు గాల్లో ఎగిరేది, మాకు వద్దని చెప్పేశారు. అటువైపు మనిషి ఏదో అరిచాడు. "వద్దంటే వద్దండీ. మావాళ్ళు చెప్పారు" అని పెట్టేశారు.

నా తమాషా ఆవిడ మాటతో అయిపోతుందని నేననుకున్నాను. సాయంత్రానికి నవ్వుకుంటూ చెప్పేద్దామనుకున్నాను. ఇప్పుడు ఆ సినిమా రోడ్డవతల హాలుకు పోయింది. మా హాల్లో రెండో వారం కూడా ఖాళీ సీట్లకు వంటగది చూపిస్తారు. ఇరవై ఆరేళ్ళ మాట, ఆవిడ వెళ్ళిపోయే రోజున పోయింది. అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. లెక్క కాగితం మడత పెట్టుకుని కౌంటర్లోకి వెళ్ళి కూర్చున్నాను.

మధ్యాహ్నం ఆటకు పది నిమిషాల ముందు కౌంటర్ కంతలో అత్తయ్య మొహం కనిపించింది.

"ఒక టికెట్ ఇవ్వు."

"ఎవరికి?"

"నాకే. గోడ పక్క సీటు. ఐదో వరస."

"నీకు టికెట్ ఎందుకత్తయ్యా, ఊరికే వెళ్ళి కూర్చో."

"ఊరికే కూర్చుంటే పనిమనిషిని. ఇవ్వు."

ఇచ్చాను. మొహం కడుక్కుంది, జుట్టు సర్దుకుంది, గేటు దగ్గర అందరిలాగే నిలబడి టికెట్ చింపించుకుని లోపలికి వెళ్ళింది. పందొమ్మిది టికెట్లు తెగాయి. ఇంటర్వెల్‌లో ఆరుగురు వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళలో ఆవిడ ఉందేమోనని ఒక్కొక్కరి మొహం చూశాను. లేదు. ఆ రెండున్నర గంటల్లో నేను మేనేజరుగారి గది దాకా మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ ఆయన ఫ్యాను తోస్తూ కనిపించారు. మూడుసార్లూ తిరిగొచ్చాను.

ఆట వదిలారు. అందరికంటే చివర అత్తయ్య వచ్చింది, గోడ పట్టుకుని, నెమ్మదిగా. ఎండలోకి వచ్చి కళ్ళు చిట్లించింది. కౌంటర్ పక్కనున్న బల్లమీద కూర్చుంది.

"ఎలా ఉంది?" అన్నాను. ఆ ప్రశ్న ఆవిణ్ణి ఇరవై ఆరేళ్ళుగా అందరూ అడుగుతున్నారు. చూశాక అడగడం ఇదే మొదలు.

ఆవిడ ఆలోచించింది. "మొహాలు బాగా పెద్దవిగా ఉన్నాయి" అంది. "ఆ తండ్రి ఉన్నాడే, విలన్‌లా ఉన్నాడు, కానీ మంచోడు. తప్పంతా కూతురిదే. మనసులో మాట మొదట్లోనే చెప్పేసుంటే గంటలో అయిపోయేది సినిమా. చెప్పదు. గిన్నెలు కడుగుతుంది. మళ్ళీ కడుగుతుంది. చెప్పదు."

నేను కౌంటర్లో టికెట్ల కట్టను సర్దాను. మళ్ళీ సర్దాను.

"ఎన్ని విసిరావే?" అంది అత్తయ్య.

"ఏవి?"

"నేను ఇరవై రెండు ఎత్తాను. సీట్ల కిందికి దొర్లినవి ఇంకేమైనా ఉంటే చెప్పు, కొత్తామె ఇబ్బంది పడుతుంది."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "ఇరవై రెండే" అన్నాను. "ఎలా తెలిసింది?"

"ఏడ్చిన కాగితం నేలకు అతుక్కుంటుంది. నీవి బంతుల్లా దొర్లాయి. పైగా ఆ ఉండ చుట్టడం నీదే. ఇంట్లో కరెంటు బిల్లులు కూడా అలాగే చుడతావు."

"మరి తెలిసీ ఏడుపొచ్చిందని ఎందుకు చెప్పావు? నా మీద కోపంతోనా?"

"నీ మీద కోపంతో సినిమాను ఉంచమంటానా? ఇంకొకటుంది. ఇరవైమూడోది. ఐదో వరస, గోడ పక్కన. గట్టి చీపురుతో గీకితే గానీ రాలేదు. ఇన్నేళ్ళలో అలాంటివి నాలుగో ఐదో చూశాను. అలా ఏడ్చినవాళ్ళు మళ్ళీ వస్తారే. ఇంకొకళ్ళని వెంటబెట్టుకుని వస్తారు." మోకాలు నిమురుకుంది. "వస్తారనే చెప్పాను. రాకపోతే నా మాట పోయినట్టే. ఆ ఒక్కదాన్ని నమ్మి చెప్పాను, నీ ఇరవై రెండింటినీ చూసి కాదు. అది మాత్రం సార్‌కి తెలియాలి."

"నువ్వే చెప్పు అత్తయ్యా."

"నేను విసరలేదు కదా."

బస్సు వచ్చింది. డ్రైవరు కిటికీలోంచి, "ఏం పిన్నిగారూ, ఎలా ఉంది సినిమా?" అని అడిగాడు. "చూడవయ్యా, నువ్వే వెళ్ళి చూడు" అంటూ ఎక్కి కూర్చుంది. ఆవిడ చెయ్యి ఊపలేదు. రాత్రి ఇంట్లో కనబడే మనిషిని చూసి చెయ్యి ఊపడం ఆవిడ పద్ధతి కాదు.

నేను మేనేజరుగారి గదికి నాలుగోసారి వెళ్ళాను. ఈసారి లోపలికి వెళ్ళాను.

"సార్, పొద్దున ఆ కాగితాలు విసిరింది నేనే. ఆవిడ దానికి మోసపోలేదు. నిజంగా ఏడ్చింది ఒక్కళ్ళే. ఆ ఒక్కళ్ళని చూసి ఉంచమంది. మీరు కార్ల సినిమా వదులుకున్నది మాత్రం నా వల్ల కూడా కావచ్చు. మీరు అడిగినప్పుడు పక్కనే ఉండి నోరు మూసుకున్నాను. ఫ్యాను స్విచ్చి మీద కాగితం కూడా నాదే."

ఫ్యాను ఒకసారి తిరిగింది.

"ఫ్యానుది ఎప్పుడో తెలుసు" అన్నారు. "కొత్తామెను వచ్చే శుక్రవారం దాకా ఆగమంటాను. ఈ వారమంతా చీపురు నువ్వే పట్టు. ప్రతి ఆట అయ్యాక వచ్చి చెప్పు. పొడివెన్ని, తడివెన్ని. విడివిడిగా."

"సరే సార్."

"మీ అత్తయ్యకు నువ్వే వచ్చి చెప్పావని చెప్పనా?"

"వద్దు సార్. నేనే చెబుతాను."

సాయంత్రం ఆటకు ఇంకా అరగంట ఉంది. చున్నీ తలకు చుట్టుకుని, రెండు చీపుళ్ళూ పట్టుకుని వెనక వరస నుంచి మొదలుపెట్టాను. నాలుగు వరసలకే నడుము పట్టేసింది. దుమ్ము వరసలో నిలబడలేదు, నా ముక్కులోకి వచ్చింది. పదమూడుమంది వదిలివెళ్ళింది పెద్దగా ఏమీ లేదు: రెండు కప్పులు, ఒక చిప్స్ పొట్లాం.

ఐదో వరస గోడ పక్క సీటు కింద శుభ్రంగా ఉంది. ఆ సీటు చేతి మీద, కూర్చున్నాక విప్పి పెట్టుకుని, లేచేటప్పుడు తీసుకోవడం మరిచిపోయిన మోకాలి పట్టీ ఉంది, ఇంకా గుండ్రంగా, ఆవిడ మోకాలంత.