రాయి అవతలి గడ్డి

కియోత్సుగు గారికి తన తోటలో పెంచే నాచంటే ప్రాణం. ఆ నాచులో కలుపు తీసే పని మాత్రం ఆయన భార్య ఫుసాయెది. చేతిలో చిన్న పట్టకారుతో రోజూ మోకాళ్ల మీద పాకేది. పక్కిల్లే మాది, వెదురు కంచె మీంచి చూస్తే ఆవిడ వీపే కనిపించేది.

మోకాళ్లు వాచాక, సగం తోటలోనైనా డ్రాగన్ గడ్డం వేసుకుందామని ఆయన్ని అడిగింది. అది నీడలోనూ బతికే పొట్టి గడ్డి. మంచు కురిసినా పచ్చగానే ఉంటుంది. ఒకసారి అల్లుకుందంటే కలుపును మొలవనివ్వదు.

"రోడ్డు పక్కన వేసే గడ్డి తెచ్చి నా తోటలో పెడతావా? టీకి వచ్చినవాళ్లు నవ్విపోతారు."

"వాళ్ల నవ్వు సంగతి సరేనండీ, నా మోకాళ్లు ఏడుస్తున్నాయి."

"పట్టకారు మార్చి చూడు."

అలాంటి మనిషిని ఏమనాలో నాకైతే తెలుసు. ఫుసాయె మాత్రం మర్నాడు ఇంటి చాటున ఉన్న వెనక తోటకి పోయే దారి మొదట్లో నల్లతాడు కట్టిన రాయి పెట్టింది. తోటదారిలో ఆ రాయి ఉందంటే అటు అడుగు వెయ్యకూడదు. పిడికెడు రాయే, కానీ దాన్ని దాటినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

"అటువైపు నాచు లేతగా ఉందండీ, కొన్నాళ్లు తొక్కొద్దు," అని అబద్ధమాడింది.

పిచ్చి మారాజు, తన తోటలో తన పెళ్లాం పెట్టిన రాయిని రెండేళ్లు దాటలేదు!

"అక్కా, మీ వాకిట్లో డ్రాగన్ గడ్డం దుబ్బులు కొన్ని ఇవ్వరూ? ఆయనతో అనకండేం," అంది నాతో.

"నేనెందుకంటానే? అడిగితే పిల్లి తవ్విందని చెప్తాలే."

దుబ్బుల్ని పిలకలుగా విడదీసి నాటింది. రెండో ఏడు వసంతానికి వెనక తోటంతా గడ్డి కమ్ముకుంది.

ఆ వేసవి ఎండలకు ఇంటి ముందరి తోటలో నాచు మాడి పొట్టులా లేచింది. ఆయన మిట్టమధ్యాహ్నం నీళ్లు పోసి ఉన్నదాన్ని కూడా ఉడకబెట్టాడు. ఆకులు రాలేనాటికి టీకి అతిథులు రావాలి. ఆయనకు అన్నం సయించలేదు.

అతిథులు వచ్చే రోజు పొద్దున్నే ఫుసాయె రాయి తీసి నాచుదారి మొదట్లో పెట్టింది. నేను కంచె మీంచి చూస్తూనే ఉన్నాను. టీ కాచి అందించే మర్యాద నేర్పే పెద్దావిడ షిగెనో గారు ముందుగా వచ్చారు. రాయిని చూసి, మాట్లాడకుండా వెనక దారి పట్టారు. మిగతావాళ్లూ ఆవిడ వెనకే నడిచారు.

అతిథులకు ఎదురు రావాల్సిన ఇంటాయన రాయి దగ్గర ఆగిపోయాడు. కాలితో పక్కకి తోసెయ్యొచ్చు, చూసేదాన్ని నేనొక్కదాన్నే. తొయ్యలేదు. ఆయనా వెనక దారికే తిరిగాడు.

"వేసవి మీ ఇంట్లో ఇటువైపు రానేలేదా ఏమిటి!" అన్నారు షిగెనో గారు, పచ్చటి గడ్డిని చూసి. ఆయన తల వంచి నమస్కరించాడు. పక్కనున్న భార్య వైపు మాత్రం చూడలేదు.

సాయంత్రం ఫుసాయె కంచె దగ్గరికొచ్చింది. "రేపు పీకించేస్తారేమో అక్కా," అంది. ఆ గడ్డి పోతే మళ్లీ పట్టకారే గతి. 

తెల్లారి చూస్తే రాయి నాచుదారి మొదట్లోనే ఉంది. ఫుసాయె కట్టిన పాత తాడు లేదు. కొత్త నల్లతాడు బిగించి ఉంది, ముడి కియోత్సుగు గారిది. అంటే ఇక నడిచేది గడ్డివైపే. ఫుసాయె ఆ ముడిని వేలితో తడిమింది. తర్వాత వసారాలో మొగుడి పక్కన కూర్చుని, రెండు కాళ్లూ బారజాపింది.