గోడకు పోసిన ముగ్గు

అశోక్‌నగర్ వెనకున్న ఖాళీ జాగాలో పార్కు కట్టాలని మా మున్సిపల్ ఆఫీసు తలపెట్టినప్పుడు నక్షా గీసింది నేనే. 1996లో నాకు ఇరవై ఆరేళ్లు. స్కేలు పట్టుకుంటే లోకమంతా నా మాట వింటుందనుకునేదాన్ని. మధ్యలో చెట్లు, వాటి చుట్టూ నడకదారి, నాలుగువైపులా గోడ, కాలనీ వైపు ఒక గేటు.

ప్రజల అభిప్రాయం తీసుకోవాలన్నారు. బుధవారం పగలు పదకొండింటికి చిక్కడపల్లిలో ఒక హాల్లో మీటింగు పెట్టాం. పద్నాలుగు మంది వచ్చారు. అందరూ కాలనీవాళ్లే, అందరూ పింఛనుదార్లే. వాళ్ల సంఘం అధ్యక్షుడు దక్షిణామూర్తి గారు గోడ ఇంకో అడుగు పెంచమంటే చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా.

మర్నాడు కొలతలు సరిచూద్దామని పొద్దున్నే వెళ్తే, గడ్డపారలు, తట్టలు పట్టుకుని నలభై మంది సరిగ్గా నా గోడ రావలసిన చోటి నుంచే నడిచొస్తున్నారు. దోమలగూడ వైపు బస్తీ నుంచి చౌరస్తాలోని కూలీల అడ్డాకు అదే అడ్డదారి. ఏడింటికల్లా అక్కడ నిలబడకపోతే మేస్త్రీలు వేరేవాళ్లను తీసుకుపోతారు. ఇక ఆ పూట పస్తే.

ముందు నడుస్తున్న ఒకామెను ఆపాను, పేరు ఆశమ్మ. పాలమూరు నుంచి వచ్చి పన్నెండేళ్లుగా ఇళ్లకు పునాదులు తవ్వుతున్న మనిషి.

“మీటింగుకు ఎందుకు రాలేదమ్మా?”

“పదకొండింటికి పెడితివి. కూలి ఇడిసిపెట్టి వస్తమా?”

నక్షా పరిచి చూపించాను. ఆమె దానికేసి ఒకసారి చూసి తల అడ్డంగా ఊపింది.

“గీ గీతలు నాకేం సమజైతయ్ బిడ్డా? జాగల ముగ్గు పొయ్యి. అప్పుడు చెప్త.”

పునాది తవ్వేముందు గోడ ఎక్కడొస్తుందో నేలమీద సున్నంతో గీస్తారు. కట్టుబడి పనిలో దాన్నే ముగ్గు పోయడమంటారు. ఇంత చిన్న సంగతి ఆమె చెబితే గానీ నాకు తట్టలేదు.

సోమవారం మధ్యాహ్నం ఫైలు పైకి పోవాలి. పోయిందంటే బ్రహ్మదేవుడు కూడా మార్చలేడు. ఆ రోజు తెల్లవారగానే తాడు కట్టి గోడ మేర ముగ్గు పోయించాను. దక్షిణామూర్తి గారినీ రమ్మన్నాను. కూలీలు దాన్ని తొక్కుకుంటూ పోతుంటే, గోడ ఎవరి దారికి అడ్డమో ఆయనే కళ్లారా చూస్తారనుకున్నాను.

కూలీలు వచ్చారు. ముగ్గు దగ్గర ఆగారు. ఒక్కరూ దాటలేదు. చుట్టుదారి పట్టడానికి వెనక్కి తిరిగారు. అటు పోతే అరగంట ఎక్కువ.

దక్షిణామూర్తి గారి ముఖం వెలిగిపోయింది. “చూసినవా అమ్మా సంయుక్తా? గోడ కట్టినా గిట్లనే పోతరు. ఎవ్వరికీ పరేషాన్ లేదు.”

నాకు ఒళ్లు మండింది. “ఆశమ్మా, తొక్కి రా!”

“పోసిన ముగ్గు తొక్కరాదు బిడ్డా. మా పనిల అది గోడనే.”

“చుట్టు తిరిగిపోతే ఇయ్యాల పని దొరుకుతదా?”

“దొరకది. గోడ పోసింది నువ్వు. నువ్వే తియ్యాలె.”

ఆ మాట సూటిగా తగిలింది. చెప్పుతో ముగ్గు చెరపడం మొదలుపెట్టాను.

“అరె! మీటింగుల తీర్మానమైంది కదమ్మా!” అన్నారు దక్షిణామూర్తి గారు.

“మీటింగు ఇప్పుడు నడుస్తున్నది సార్. ఆనాడు మీరు పద్నాలుగు మంది. ఇయ్యాల వీళ్లు నలభై మంది.”

“ఇక్కడ దారి ఇస్తే మీ పైవాళ్లు ఊకుంటరా?”

“వాళ్లు ఒప్పుకునేదాంక ఈ నక్షా మీద నా సంతకం పడది.”

ఆ మాటతో నా కొలువే పోవచ్చు. కొత్త ఉద్యోగం మరి. అయినా నాలుగడుగుల మేర చెరిపి పక్కకు జరిగాను. ఆశమ్మ కదల్లేదు. నడుమున చెయ్యి పెట్టుకుని, మేస్త్రీ పని చూసినట్టు ఆ సందును చూసింది.

“నెత్తిన తట్టలతోని ఇద్దరం ఎదురైతే పట్టాలె. ఇంకింత తియ్యి.”

ఇంకో రెండడుగులు చెరిపాను. అప్పుడు గానీ ఆమె అడుగు ముందుకు వేయలేదు.