మిలట్రీ గదిలో అమ్మోరు

ఆదివారం పొద్దున్నే సైకిల్ తొక్కమని నాకు చెప్పింది డాక్టరు. తోడు వస్తానంది అనూరాధ. డాక్టరు మాట వింటే షుగర్ తగ్గుతుంది గాని, అనూరాధ మాటలు వింటే బీపీ పెరుగుతుంది. తగరపువలసలో మా టైలరింగ్ షాపు పక్కనే ఆవిడ పనిచేసే బ్యాంకు. పాత యుద్ధాల సంగతులంటే పిచ్చి. భీమిలి దాటాక మా పేట ఒడ్డున ఇసకలో సగం కూరుకుపోయిన మిలట్రీ గది ఉందని ఎప్పుడో నోరు జారాను. అంతే, నాలుగు వారాలుగా నా ప్రాణం తోడేసింది.

"జపాను వాళ్ళు విశాఖపట్నం మీద బాంబులు వేసినప్పుడు ఇక్కడి వాళ్ళు ఏం చేశారట?" అని తొక్కుతూనే అడిగింది.

"ఏటి సేత్తారు? పరుగెత్తారు. మా తాత మేకని సంకనెట్టుకుని పరిగెట్టాడంట, మా నాయనమ్మని మర్చిపోయాడంట. సచ్చేదాకా ఆవిడ అదే దెప్పింది."

ఆ వేళప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఒకవైపు జీడితోటలు, ఒకవైపు సరుగుడు చెట్లు, వాటి సందుల్లోంచి సముద్రం. చైను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. నాకు ఆ రోడ్డంటే ప్రాణం. అమ్మ పోయాక నన్ను పెంచిన మా మేనత్త సన్యాసమ్మ ఆ రోడ్డు చివరే ఉంటుంది. మా ఇద్దరికీ ఒక్క పూట పడదు. నేను ఏడ్చే రకం కాదు, తిట్టే రకం. అత్త కూడా అంతే. అందుకే ఇద్దరం ఒకరంటే ఒకరికి ప్రాణం అని పేటంతా చెప్పుకుంటుంది.

సరుగుడు తోట దాటగానే మిలట్రీ గది కనిపించింది. యుద్ధం రోజుల్లో సిపాయిలు తుపాకులు పెట్టి సముద్రాన్ని కాపలా కాసిన సిమెంటు గది అది. దాని సన్నటి కిటికీలోంచి పొగ వస్తోంది.

"ఎవరో వంట చేస్తున్నారు!" అంది అనూరాధ సంబరంగా.

"మా అత్తే. లోపల అమ్మోరుంది."

నిరుడు తుఫానులో అత్త కొడుకు, మా ఎల్లారావు బావ, సముద్రం మీద చిక్కుకుపోయాడు. ఇంజను ఆగిపోయింది. గాలి పడవను రాళ్ళ మీదకు నెడుతుంటే, వలలో ఏదో మహా బరువైనది పడి పడవను లంగరులా పట్టి నిలిపింది. గాలి తగ్గేదాకా పడవ కదల్లేదు. తర్వాత లాగి చూస్తే ఒళ్ళంతా గుల్లలు పట్టిన, మనిషి తొడంత లావున నిలువుటి రాయి. గంగమ్మే వచ్చి కాపాడిందని నలుగురు మోసుకొచ్చి ఈ గదిలో నిలబెట్టారు. అత్త పసుపు పూసి చీర కట్టింది. ఆ రోజు నుంచి బావ వేటకు వెళ్ళిన ప్రతిసారీ దీపం పెడుతుంది. నేను బయటి నుంచే దండం పెట్టి పోయేదాన్ని. పసుపు, పూలు తప్ప ఏమీ కనిపించేది కాదు.

సైకిళ్ళు చెట్టుకి ఆనించి, వంగి గుమ్మంలోకి దూరాం. లోపల ముగ్గురికి మించి పట్టరు. అత్త పొయ్యి ముందు కూర్చుని సరుగుడు కట్టెలు ఎగదోస్తోంది. పొయ్యి మీద కుండలో పరమాన్నం. పొయ్యికి ఆనుకుని అమ్మోరు.

"ఒచ్చేవా గుంటా? ఏడాది మొక్కు. ఇప్పుడే అమ్మోరికి తానం సేయించినాను" అంది అత్త.

స్నానం చేయించడంతో ఏడాది పసుపు, దాంతో పాటే గుల్లలూ ఊడి కొట్టుకుపోయాయి. కింద తుప్పు పట్టిన ఇనుము. పైన మొన తేలి ఉంది. ఆ మొన చుట్టూ, సీసా మూతకి ఉండేలాంటి మర చుట్లు. సముద్రం ఏ రాయికి మర కోస్తుంది?

అనూరాధ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. విశాఖపట్నం మ్యూజియంలో పెట్టిన జపాను బాంబును ఇద్దరం ఇంతకుముందే చూశాం. ఆవిడ నోట మాట రాలేదు. జీవితంలో మొదటిసారి!

"నువ్వు బయటికి పో. పోలీసులకి ఫోన్ చెయ్. ఎవర్నీ ఇటు రానివ్వకు" అని ఆవిడను నెట్టాను. లోపలికి తిరిగాను. "అత్తా, లే. అది రాయి కాదు. బాంబు. యుద్ధం నాటిది. ఏడెక్కితే పేలిపోద్ది."

"నోరు ముయ్యే! అమ్మోరి ముందు అవేం మాటలు?"

"ఒట్టత్తా! ముందు మంట ఆర్పు."

అత్త మొహం మారిపోయింది. "ఎల్లారావు నీళ్ళ మీదున్నాడు. మొక్కు కుండ పొంగకుండా పొయ్యి ఆర్పుతానా? కన్న కొడుకు పడవని నా సేత్తో నానే ముంచుకుంటానా?"

మా పేటలో అది కట్టుబాటు. వేటకు పోయిన మగాడి పేరున పొయ్యి వెలిగిస్తే, కుండ పొంగేదాకా ఆరకూడదు. ఆర్పిన ఆడదాన్ని పడవ ముంచినదానిలాగే చూస్తారు. నేను వంగి కట్టె పట్టుకోబోయాను. అత్త నా మణికట్టు పట్టేసింది. డెబ్బై ఏళ్ళ ముసలిదానికి అంత బలం ఎక్కడిది! పెనుగులాటలో కుండ ఊగింది. ఒక కొరివి జారి అమ్మోరి మొదట్లో పడింది. అమ్మోరి చీర అంచు నల్లబడి పొగ లేచింది.

చేత్తోనే ఆ కొరివిని లాగి ఇవతలికి విసిరి, చీర అంచు నలిపి ఆర్పాను. ఇంకోసారి పెనుగులాడితే కుండతో సహా ఇద్దరం పోతాం. లాగితే రాదు. చెబితే వినదు. వదిలేసి బయటికి పరిగెత్తితే నేను బతుకుతాను. ఆ ఆలోచన రాకపోలేదు, వచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

తలకున్న సైకిల్ హెల్మెట్ తీసి గోడవార పెట్టాను. జడ విప్పాను. జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టాను.

"ఓలె సన్యాసీ!" అని అరిచాను. ఆ చిన్న గదిలో నా గొంతు వింటే నాకే భయం వేసింది. "నీ కొడుకుని ఒడ్డుకి తెచ్చినందుకు నన్ను కాల్సేత్తావే? నా ఒళ్ళు మండిపోతందే!"

అత్త చేతులు జోడించింది. "తల్లీ!"

"నా పొయ్యి ఆర్పకు! ఎత్తుకుపో! రోడ్డు అవతలికి ఎత్తుకుపో! నాకు సల్లగాలి కావాలి!"

అత్త నా కళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసినట్టనిపించింది. పక్కన కట్టెలు చిటపటమంటున్నాయి. నేను ఊగుతూనే ఉన్నాను, లోపల మాత్రం లే అత్తా, లేవే ముసలిదానా అని బతిమాలుకుంటున్నాను.

అత్త లేచింది. చెంగుతో పట్టుకుని కుండ దించి బయటికి నడిచింది. నేను అత్త కట్టెలు తెచ్చుకున్న పాత ఇనప గమేళాలోకి మండే కట్టెలన్నీ తోసి, నిప్పు కణిక కూడా మిగలకుండా ఊడ్చి, వెనకే పరిగెత్తాను. గమేళా చెవులకి నా అరచేతులు కాలాయి. ఆగలేదు. సరుగుడు తోట దాటి, రోడ్డు అవతల జీడిచెట్ల కింద అత్త మూడు రాళ్ళు పెట్టింది. అదే నిప్పు మీద అదే కుండ పెట్టింది.

పోలీసులు వచ్చి పేటంతా ఖాళీ చేయించే వేళకి కుండ పొంగింది. అత్త సముద్రం వైపు తిరిగి దండం పెట్టింది. మధ్యాహ్నానికి బావ పడవను పోలీసులు పక్క ఊరి ఒడ్డుకి మళ్ళించారు. బరువు కోట్లు తొడుక్కున్న బాంబు స్క్వాడ్ మనుషులు అమ్మోరిని ఇసక బస్తాల మధ్య పెట్టి లారీలో ఎక్కించారు. వాళ్ళలో ఒకాయన అనూరాధతో, "లోపల పేలుడు మందు ఇంకా బతికే ఉందమ్మా" అన్నాడు.

లారీ కదిలేముందు అత్త దూరం నుంచే కుంకుమ చల్లింది. ఎవరూ వద్దనలేదు.

సాయంత్రం మమ్మల్ని ఇళ్ళకి పోనిచ్చాక బావ నడిచి వచ్చాడు. అత్త వాడి తల నిమిరి, రెండు తిట్లు తిట్టి లోపలికి పంపింది. కాలిన నా అరచేతులకి కొబ్బరినూనె రాస్తూ అరుగు మీద నా పక్కన కూర్చుంది. నాకు తప్పు చేసినట్టుంది. అమ్మోరి పేరు చెప్పి అబద్ధమాడాను.

"అత్తా, పొద్దున్న నాకు..."

"పూనకం వొచ్చినోళ్ళు హెల్మెట్ని తీసి, పగిలిపోద్దని గోడవార జాగర్తగా పెడతారేటే?"

నేను చెయ్యి వెనక్కి లాక్కోబోయాను. అత్త వదల్లేదు.

"నానెన్ని పూనకాలు సూసేను! ముసిల్దాన్ననుకున్నావా, ఎర్రిదాన్ననుకున్నావా?"

"మరి ఎందుకు లేచేవు?"

అత్త నూనె రాయడం ఆపలేదు. "అప్పుడు నీ కంట నీళ్ళు కారిపోతన్నాయే. మీ అమ్మని కాటికి తీసుకుపోయినపుడు గూడా నువ్వు ఏడవనేదు. అమ్మోరు ఎవరి కోసమూ ఏడవదు. అది నువ్వే అని తెలిసే లేసేను."

నేను ఏడ్చానన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. కళ్ళు మళ్ళీ కారుతున్నాయి; అరచేతులకి నూనె ఉంది, మొహం తుడుచుకోవడానికి లేదు. అత్తే తన కొంగుతో తుడిచి, పరమాన్నం గిన్నె నా ఒళ్ళో పెట్టింది.

"తిను. నీకు సుగరని తెలుసు. ఒక్క ముద్ద తిను."