నల్లబంక దాటనివ్వను

మా అమ్మాయి భవాని బోర్ల దగ్గర పని చేస్తుంది. కింద ఎక్కడ ఏ మన్ను ఉందో, ఎంత నీరుందో చూసి చెప్పడం దాని ఉద్యోగం. రాడ్డు జారి కాలి మీద పడుతుందేమో, పాము కరుస్తుందేమో అని నా ప్రాణం ఎప్పుడూ గొంతులోనే ఉంటుంది. ఆవేళ మా ఊరికే వచ్చింది కనక మజ్జిగ పట్టుకుని నేనూ వెళ్ళాను.

వంశధార సముద్రంలో కలిసే చోటికి మా ఊరు దగ్గర. ఊరికి తాగునీటి బోరు తీస్తున్నారు. మిషను పైకి తెచ్చిన మన్నును భవాని వరసగా కుప్పలు పెట్టించింది. సన్న ఇసుక, పచ్చబంక, గులకరాళ్ళు కలిసిన ముతక ఇసుక. ఆఖరున నల్లబంక. అందులో గవ్వ ముక్కలు.

అది చూడగానే భవాని చెయ్యెత్తింది. "ఆపీ, గంగులు మావా. నీరు ముతక ఇసకలోనే ఉన్నాది. ఈ బంక ఒకప్పటి సముద్రంది. దీని కింద ఉప్పునీరు. పొడిసేమంటే పైకొచ్చేస్తాది."

మిషను నడిపే గంగులుది రాజాం. "నానెన్ని బోర్లు తీసానో తెల్దా అమ్మా? ఎంత దించితే అంత నీరు."

"మీ కాడ రాయి మావా. ఇక్కడ రాయేదీ?"

బోరు తెప్పించిన పెద్దమనిషి హరిబాబు నవ్వాడు. "కొబ్బరికాయ నా సేతిలో నిట్టనిలువుగా లేసింది. కింద గంగే ఉన్నాది. ఈ ఆడగుంట మనకి సెప్తాదేటి? ఇంకో రాడ్డెయ్యి!"

నేను భవాని చెయ్యి లాగాను. "ఒసే, ఆళ్ళకి కోపమొస్తే కొడతారే. ఎల్లిపోదాం."

"మన నుయ్యీ ఈ ఇసక నీరేనమా. ఒకసారి ఉప్పెక్కితే బాగవడానికి ఏళ్ళు పడతాది."

అంతే, నాకు ఊరంతా కనబడిపోయింది. పశువులు కుడితి ముట్టక మూతి తిప్పుకుంటున్నాయి. పసిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. దీని ముందు హరిబాబు కొట్టే దెబ్బ ఎంత?

గంగులు రాడ్డు ఎత్తబోయాడు. నేను పోయి దాని మీద కూర్చున్నాను.

"లే పిన్నీ, నలుగురూ నవ్వుతారు," అన్నాడు హరిబాబు.

"నవ్వనీరా."

"బోరు గురించి నీకేటి తెలుసు?"

"ఏటీ తెల్దు. నాకు బయమొకటే తెలుసు. నువ్వూ ఒక్కదానికైనా బయపడరా! నీ కొబ్బరికాయ నీరుందని సెప్పింది సరే, అది తీపో ఉప్పో సెప్పిందేటి?"

ఈసారి జనం వాడిని చూసి నవ్వారు. పక్కింటి తవిటమ్మ ఖాళీ బిందె దింపి, "కాస్త జరుగప్పా," అంటూ నా పక్కన కూలబడింది.

"పై ఆఫీసుకి ఫోన్ సేస్తాను!" అని హరిబాబు వెళ్ళిపోయాడు.

గంగులు తల గోక్కున్నాడు. "నీరు తక్కువైతే నన్ననకండి."

"నన్ననండి," అంది భవాని. "లే అమా, మావ ఒప్పుకున్నాడు."

హరిబాబు మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తాడనే అనుకున్నాను.

"ఒప్పుకుంటే సాలదు. ముతక ఇసకలో గొట్టం దిగనీ. అప్పటిదాకా ఎవులొచ్చినా లేవను."