ముప్పయ్యో విద్యార్థి

తడిగుడ్డతో బోర్డు తుడుస్తున్న అటెండరు మధ్యలో ఆగి ఎడమచెయ్యి విదిలించాడు. పొద్దున లేచినప్పటి నుంచి ఆ చెయ్యి తనది కానట్టు బరువుగా వేలాడుతోంది. రొమ్ములో ఏదో అడ్డంపడ్డట్టుంది. ఇంట్లో గ్యాసని చెబితే భార్య నమ్మలేదు.

"మీకు ఏం వచ్చినా గ్యాసే. ఇవాళ సెలవు పెట్టి ఆసుపత్రికి పోతారా, నన్నే వచ్చి మీ ప్రిన్సిపాలమ్మని అడగమంటారా?" అంది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. అందుకని పదింటికి వెళ్తానని ఒప్పుకున్నాడు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో అతని ఉద్యోగం గదులు ఊడ్చి, గంట కొట్టి, దరఖాస్తులు అమ్మడం. కాగితం మీద లేని పని ఇంకొకటి ఉంది. శిక్షణలో ఉన్నవాళ్లు పాఠం చెప్పి చూపించాలంటే ఎదురుగా పిల్లలుండాలి. పక్క బడి నుంచి చాలినంతమంది రాకపోతే అతను వెళ్లి బెంచీలో కూర్చుంటాడు. అలా ఇరవై ఆరేళ్లుగా ఏడో తరగతి చదువుతున్నాడు. తప్పిందీ లేదు, పాసైందీ లేదు.

ఊరికే కూర్చుంటే సరిపోదు. అడగ్గానే చెయ్యెత్తి తప్పు చెప్పాలి. ఆ తప్పు దిద్దితేనే పాఠం చెప్పేవాళ్లకు మార్కులు. కొత్తలో ఒకసారి ఉత్సాహం ఆపుకోలేక సరైన జవాబు చెప్పేశాడు. పాఠం చెబుతున్న కుర్రాడు దిద్దడానికి తప్పు దొరక్క మార్కులు పోగొట్టుకొని, బయటికొచ్చాక ఇతన్ని కడిగిపారేశాడు. అప్పటి నుంచి ఆ గదిలో అతని నోట ఒక్క సరైన జవాబు రాలేదు.

తొమ్మిదిన్నరకు డిగ్రీ చదివే అమ్మాయిలిద్దరు దరఖాస్తులు అమ్మే కిటికీ దగ్గరికి వచ్చారు. టీచర్లవ్వాలంటే డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగాలా అని అడిగారు.

"అక్కర్లేదమ్మా. ఆఖరి ఏడాదిలో ఉండగానే ప్రవేశ పరీక్ష రాసుకోవచ్చు. సీటొస్తే రెండేళ్లు శిక్షణ. నలభై పాఠాలు చెప్పాలి. చివర్లో పరీక్షాధికారి ముందు ఒక పాఠం. అది గట్టెక్కితే సర్టిఫికెట్ మీదే."

నిద్రలో లేపి అడిగినా ఇంతే చెబుతాడు. దారి చెప్పే మైలురాయి ఉన్నచోటే ఉంటుంది. తనూ ఆ దారిన పోదామనే ఈ కొలువులో చేరాడు. డిగ్రీలో ఒక్క పేపరు మిగిలింది. పెళ్లయింది, కూతురు పుట్టింది, వచ్చే ఏడు రాద్దాం వచ్చే ఏడు రాద్దాం అనుకుంటూ ఉండగానే కూతురికి పెళ్లయింది. ఇప్పుడా పుస్తకాలు ఇంట్లో ఏ మూల ఉన్నాయో అతనికే తెలియదు.

పదింటికి సంచీ భుజాన వేసుకొని మెట్లు దిగుతుంటే శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి ఎదురొచ్చింది. ఇవాళ పరీక్షాధికారి ముందు చివరి పాఠం ఆమెదే. నెల రోజులుగా సాయంత్రాలు ఖాళీ బెంచీల మధ్య అతన్నొక్కణ్ణే కూర్చోబెట్టుకొని సాధన చేసింది.

"బాబాయ్, పిల్లలు ఇరవై తొమ్మిది మందే వచ్చారు! ముప్పై లేకపోతే పరీక్ష పెట్టరట. పోయినేడు ఇలాగే పోయింది. సోమవారానికి సర్టిఫికెట్ చూపించకపోతే నాకు ఉద్యోగమిస్తామన్న బడివాళ్లు ఇంకెవర్నో పెట్టుకుంటారు."

"ఆసుపత్రికి బయల్దేరాను తల్లీ. పొద్దున్నుంచి ఒంట్లో..."

వెనకే ప్రిన్సిపాల్ వచ్చింది. "ముప్పావు గంటేగా, అయ్యాక వెళ్దువుగాని. ఇప్పుడేమైనా ప్రాణం మీదికొచ్చిందా?"

"లేదు మేడమ్," అని నవ్వాడు. కాదనడం అతనికి ఏనాడూ చేతకాలేదు. సంచీ దించి, వెళ్లి మూడో బెంచీలో కూర్చున్నాడు.

పరీక్షాధికారి తలలు లెక్కపెట్టాడు. ముప్పై. అందులో ఒకటి పండిన తలేనని కనబడుతూనే ఉంది. కానీ నిబంధనల్లో తలల సంఖ్య ఉంది గానీ జుట్టు రంగు లేదు. ముప్పై అని రాసుకొని కూర్చున్నాడు.

అమ్మాయి బాగా చెప్పింది. రంగు కాగితాలు కత్తిరించి భిన్నాలు చూపించింది. చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోతున్నా అటెండరుకి ముచ్చటేసింది. తనైతే ఇంకాస్త నెమ్మదిగా చెప్పేవాణ్ణి అని కూడా అనుకున్నాడు.

"సగానికి మూడో వంతు కలిపితే ఎంత?"

కుడిచెయ్యి ఎత్తాడు. బెంచీ పట్టుకొని లేచాడు. "ఐదింట రెండు వంతులు టీచర్."

తప్పు. కావాలని చెప్పిన తప్పు. అతని నోట వచ్చిన ఆఖరి మాట అది.

ఆమె చక్కగా దిద్దింది. పరీక్షాధికారి తలూపాడు. తర్వాత అభ్యాసం. ముప్పై కాగితాలు పంచితే అందరూ తలలు వంచి రాయసాగారు. అందరితోపాటు అతని తలా వంగింది. బెంచీల మధ్య తిరుగుతూ పిల్లల పని చూడాలి, దానికీ మార్కులున్నాయి. ఒక్కో బెంచీ చూస్తూ అతని దగ్గరికొచ్చింది. అతను రాయడం లేదు. చెయ్యి తాకింది. తడిగా, చల్లగా ఉంది.

ఆమె తల ఎత్తింది. పరీక్షాధికారి ఆమెనే చూస్తున్నాడు. ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. మధ్యలో ఆగితే పాఠం రద్దు.

అలసిపోయి పడుకున్నాడు, అనుకుంది. వంగి, అతని కాగితం చూసినట్టు చూసి, తర్వాతి పిల్లవాడి దగ్గరికి వెళ్లింది.

సమయం అయినా గంట మోగలేదు. కొట్టేవాడు మూడో బెంచీలో ఉన్నాడు. పరీక్షాధికారి గడియారం చూసుకొని మార్కులు వేశాడు, సంతకం చేశాడు. "తరగతిని ఎంత నిశ్శబ్దంగా ఉంచావమ్మా!" అని మెచ్చుకున్నాడు.

అప్పుడు "బాబాయ్" అని అరిచింది. ఏడ్చింది. ఏడుపు నిజమే, అందులో నటన లేదు. కాకపోతే పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

నలుగురు కలిసి అతన్ని మోసుకెళ్లారు. ప్రిన్సిపాల్ అతని ఇంటికి ఫోన్ చేసి, ఏమని చెప్పాలో తెలియక "మీవారికి కాస్త ఒంట్లో బాగాలేదు" అంది. రికార్డులో హాజరు ముప్పై, ఫలితం ఉత్తీర్ణత అని ఉంది. దాన్ని ఎవరూ దిద్దలేదు.

పిల్లలు వెళ్లిపోయాక గది ఖాళీ అయింది. మూడో బెంచీ మీద అతని పొట్టి పెన్సిల్ మిగిలింది. దాని చివర, లెక్క తెగని పిల్లలు కొరికినట్టు, చుట్టూ పంటిగాట్లు.